బోర్డు తిప్పేస్తే కూలి ఎవరిస్తారు?

తెల్లారకముందే కంచికచర్ల సెంటర్‌కు వచ్చి చూడండి. క్యారియర్లు పట్టుకుని బస్సుల కోసం, ఆటోల కోసం నిలబడ్డ జనం కనిపిస్తారు. సిమెంటు ఫ్యాక్టరీలకు, జిన్నింగు మిల్లులకు, క్వారీలకు పోయే కార్మికులు వాళ్లు. నెలంతా ఒళ్లు వంచి, నెల దాటాక జీతం కోసం చెయ్యి చాపుతారు. అంటే ప్రతి నెలా యజమానికి అప్పు పెడుతున్నది కార్మికుడే. వడ్డీ లేదు, తాకట్టు లేదు, ప్రోనోటు అసలే లేదు. తాకట్టు లేనిదే పైసా విదల్చని బ్యాంకు మాత్రం కంపెనీ మునిగిన రోజున అందరికంటే ముందు తలుపు తడుతుంది.

మన దగ్గర ఇవేవీ జరగవులే అనుకోవద్దు. కృష్ణకు అవతలి గట్టున దాచేపల్లిలో ఫ్యాక్టరీ ఉన్న ఆంధ్రా సిమెంట్స్ 2022లో దివాలా విచారణకు ఎక్కింది. 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి పోయింది. బోధన్‌లో నిజాం దక్కన్ షుగర్స్ 2015 చివర్లో మూతపడింది. దేశం మొత్తం చూస్తుండగా 2019లో జెట్ ఎయిర్‌వేస్ నేలకు దిగింది. ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని 2022లో అప్పీలు ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. చివరికి 2024 నవంబరులో అదే సుప్రీంకోర్టు కంపెనీని అమ్మేసి బాకీలు తీర్చమంది. తీర్పు గెలిచినా డబ్బు చేతికి రావడానికి ఎన్నేళ్లు!

అలాగని చట్టంలో కార్మికుడికి చోటు లేదా? ఉంది. 2016 దివాలా చట్టం ప్రకారం పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము కంపెనీ ఆస్తి కాదు, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. ఆస్తులు అమ్మే దశ వస్తే, అంతకుముందు 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టున్న బ్యాంకులతో సమానంగా వాటా ఉంది. వాడుకోని సెలవుల జీతమూ ఆ బకాయిల్లో భాగమే. ఇరవై రోజులు పనిచేస్తే ఒక రోజు జీతంతో కూడిన సెలవు. అది యజమాని దయ కాదు, మనం సంపాదించుకున్నది.

మరి మన వాళ్లు ఎక్కడ నష్టపోతున్నారు? కాగితం దగ్గర! దివాలా ప్రకటన పేపర్లో ఓ మూల పడుతుంది. క్లెయిము వెయ్యడానికి గడువు మామూలుగా 14 రోజులు. నియామక పత్రం లేనివాడు, జీతం చీటీ చూడనివాడు, మేస్త్రీ చేతి మీదుగా కూలి తీసుకునే ఆడకూలీ ఏం చూపించాలి? అందుకే కంపెనీ బాగున్నప్పుడే జీతం చీటీ అడగండి. సెలవుల లెక్క రాయించండి. పీఎఫ్ పాస్‌బుక్కు ప్రతి నెలా చూసుకోండి. పీఎఫ్ కట్టడం ఆగిందంటే గోడ బీటలిచ్చినట్టే. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని కట్టాల్సిందేనని చట్టం చెబుతోంది, మర్చిపోవద్దు. అందరి తరఫునా ఒకే ప్రతినిధి ఒకే క్లెయిము వెయ్యవచ్చు.

కార్మిక సంఘం కూడా కంపెనీని దివాలా ట్రిబ్యునల్‌కు లాగవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడే ప్రభుత్వం బకాయి పరిమితిని లక్ష రూపాయల నుంచి కోటికి పెంచేసింది. కోర్టు తలుపు తెరిచింది, సర్కారు గడప ఎత్తు పెంచింది. పది మంది కూలీలు కోటి బకాయి ఎక్కడ చూపిస్తారు?

బ్రిటన్‌లో యజమాని దివాలా తీస్తే ఎనిమిది వారాల జీతం, ఆరు వారాల సెలవు జీతం వరకు ప్రభుత్వ నిధి నుంచి పరిమితికి లోబడి ఇస్తారు. జర్మనీలో మూడు నెలల జీతం అందుతుంది, ఆ నిధికి యజమానులే చందా కడతారు. మన దగ్గర అలాంటి నిధి ఏదీ? 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త వేతన కోడ్ సంస్థ మూతపడితే రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలంటుంది. ఖాళీ గల్లా పెట్టె ముందు ఆ మాట చదివి ఏం లాభం?

మేం అడిగేది మూడే. యజమానుల చందాతో వేతన హామీ నిధి పెట్టాలి. కార్మికుల క్లెయిములను కార్మిక శాఖే దగ్గరుండి వేయించాలి. సంఘాలకు ఆ కోటి పరిమితి ఎత్తెయ్యాలి. అవి వచ్చేదాకా చీటీ జాగ్రత్త, సంఘం జాగ్రత్త. విడిగా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. కలిసి వెళ్తే లెక్క చెప్పక తప్పదు.