పటం విప్పే చేతులు

వేల్స్‌లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఉండేవాడు. తమ వెల్ష్ భాషకు ప్రత్యేకంగా టీవీ ఛానల్ ఇస్తామన్న బ్రిటిష్ ప్రభుత్వం మాట తప్పడంతో, 1980లో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చుంటానని ప్రకటించాడు. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష తెలిసిన తెలుగువాళ్లకు ఆ మాట బరువు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. 1982లో ఎస్‌ఫోర్‌సి ఛానల్ వచ్చింది. ఆ ఛానల్ కోసమే డిలన్ థామస్ రేడియో నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ 1992లో యానిమేషన్ చిత్రమైంది. మధ్యయుగాల నాటి మాబినోగి కథలు కూడా 2003లో అలాగే తెరకెక్కాయి. 2021 జనగణన ప్రకారం వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 5 లక్షల 38 వేల మంది. మన దేశంలో 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని, అంత చిన్న భాష తన కథలకు చేసుకున్న పని మన కథలకు మనం చేసుకోలేదే అనుకుంటే మాకు బాధ కలుగుతోంది.

సాహిత్యంలోంచి తీసిన కథను యానిమేషన్ చేసి, దానికోసమే సంగీతం కట్టి, ఒక గది నిండా గోడల మీద ఆడించే ప్రదర్శనలు ఇప్పుడు దేశదేశాల్లో జరుగుతున్నాయి. ఇన్‌స్టలేషన్ అంటారు. నల్గొండ జిల్లా మాడుగులపల్లి నుంచి ఒక ముసలాయనను అలాంటి గదిలోకి తీసుకెళ్తే ఆయనకు కొత్తనిపించదు. పటం కథ చూసి పెరిగినవాడు.

ఆ పటం చేర్యాల నకాశీలు వేసేది. ఖాదీ గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేల మీద గడి గడికీ ఒక ఘట్టం రాస్తారు. వెడల్పు మూడడుగులే, పొడవు మాత్రం నలభై యాభై అడుగులు దాటుతుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు ఆ పటాన్ని రాత్రిపూట వేలాడదీసి, పాటతో పాటు కొంచెం కొంచెంగా విప్పుతూ పోయేవారు. యాదవులకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లకు పటం బదులు బొమ్మల పెట్టె ఉంటుంది. తెల్ల పొణికి చెక్కతో చేసిన బొమ్మలు. పాత్ర కథలోకి రాగానే బొమ్మ పెట్టెలోంచి బయటికొస్తుంది. రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగే కథ అది. బొమ్మ ఎప్పుడు కదలాలో పాట చెబుతుంది. ఈ ఒక్క మాట మన యానిమేషన్ కుర్రాళ్లు గుండెలో పెట్టుకోవాలి.

ఎందుకంటే మా భయం వాళ్లకు పని చేతకాదని కాదు, పద్ధతి తిరగబడుతుందని. ముందు బొమ్మ కదిలించి, తర్వాత స్టూడియోలో దొరికిన సంగీతం అతికిస్తే పటం కథ పటం కథలా ఉండదు. ముందు కథకుణ్ణి కూర్చోబెట్టి కథ మొత్తం పాడించాలి. ఆయన మాటలోంచి పాటలోకి ఎక్కడ ఎక్కుతాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, వంతపాటవాడు ఎక్కడ అందుకుంటాడో పట్టుకుని, ఆ కొలతకే బొమ్మ గీయాలి. సంగీతం కొత్తగా కట్టినా పునాది ఆ గొంతే కావాలి. రచయితకిచ్చే గౌరవం, పారితోషికం ఆ గొంతుకూ ఇవ్వాలి.

ఈ కథకుల మేళాలకు ఊళ్లు మిరాశీగా ఉండేవి. ఫలానా ఊరు ఫలానా మేళానిది. వస్తే కులస్తులు బియ్యమో డబ్బో ఇచ్చి పంపేవారు. ఆ కట్టుబాటు సడలింది. చేర్యాల కళకు భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చిన మాట నిజమే. అయితే ఆ చేతులు ఇప్పుడు ఎక్కువగా గోడకు తగిలించే చిన్న పటాలు, మాస్కులు చేసి బతుకుతున్నాయి. కథ పోయి బొమ్మ మిగిలింది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ గార్లు ‘ఆద్యకళ’ పేరుతో పటాలూ వాద్యాలూ కూడబెట్టకపోతే అదైనా ఎంత మిగిలేదో.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద యాదవుల జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. 2025లో అయింది, మళ్లీ 2027లో. కాటమరాజు కథకు అంతకన్నా తగిన జాగా హైదరాబాద్ గ్యాలరీల్లో దొరకదు. గట్టు కింద ఒక గుడారం, నాలుగు తెరలు, మధ్యలో కూర్చున్న కథకుడు చాలు. సర్కారు సాంస్కృతిక శాఖ గానీ మిర్యాలగూడ రైస్ మిల్లుల యజమానులు గానీ పూనుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు.

మీ ఊరికి ఇప్పటికీ పటంతోనో బొమ్మల పెట్టెతోనో మేళం వస్తుంటే, ఏ నెలలో వస్తుందో, ఏ కథ చెబుతారో మాకు రాయండి. రికార్డు చేసుకోవడానికి మేమే వస్తాం.