గంటకెన్ని కోట్లు బాబూ?

ఈవ్ ఆన్‌లైన్ ఆడే మనవాళ్ళు ఇద్దరు కలిస్తే మూడో మాట ఇదే: "నీకు గంటకెంతొస్తోంది?" ఏ షిప్పు నడుపుతున్నావని కాదు, ఎవరితో కొట్లాడావని కాదు. ఒకడు ఎనిమిది కోట్లంటాడు, ఇంకొకడు పన్నెండంటాడు, ఎనిమిదివాడు మొహం మాడ్చుకుంటాడు. పగలంతా ఆఫీసులో టైంషీటు నింపి, రాత్రి అంతరిక్షంలో కూడా టైంషీటే! ఈ "గంటకింత" లెక్క శుద్ధ తప్పు అని నా వాదన. నీతి ప్రకారం కాదు, లెక్క ప్రకారమే తప్పు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ అనే కంపెనీ 2003 మేలో మొదలుపెట్టిన ఆట ఇది. చైనా సర్వర్ని పక్కనపెడితే అందరం ఒకే విశ్వంలో ఉంటాం. షిప్పులూ తూటాలూ దాదాపు అన్నీ ఆటగాళ్ళే తయారుచేసి ఆటగాళ్ళకే అమ్ముతారు. షిప్పు పేలిందా, పోయినట్టే, మళ్ళీ కొనుక్కోవాల్సిందే. డబ్బు పేరు ఇస్క్ (ఐస్‌లాండ్ క్రోనాకి అంతర్జాతీయ కోడ్ కూడా అదే, వాళ్ళ చమత్కారం అది). 2008 నుంచి ప్లెక్స్ అని ఒకటొచ్చింది. ఎవరో అసలు డాలర్లు పోసి ప్లెక్స్ కొని ఆటలో ఇస్క్‌కి అమ్ముకుంటాడు. మీరు ఇస్క్ ఇచ్చి అది కొని నెల చందా కట్టేసుకోవచ్చు. 2016 నుంచి ఉచితంగా ఆడే వీలుంది గానీ, మంచి షిప్పులు కావాలంటే చందా తప్పదు. మనవాళ్ళ పరుగంతా ఈ ప్లెక్స్ కోసమే. "నేను ఫ్రీగా ఆడుతున్నా తెలుసా" అని చెప్పుకోవడానికి.

సరే, ఆ ఫ్రీ ఎంతో చూద్దాం. నెల చందాకి 500 ప్లెక్స్ కావాలి. మార్కెట్లో వాటి ధర 200 కోట్ల ఇస్క్ దాటి చాలా రోజులైంది. మన వీరుడు చెప్పిన గంటకి పది కోట్లు నిజమే అనుకుందాం. ఇరవై గంటలు. కానీ ఆ పది కోట్ల గంట ఎలాంటి గంట? షిప్పు సిద్ధంగా ఉండి, సిస్టంలో శత్రువు ఎవడూ లేక, ఫోను మోగక, అమ్మ భోజనానికి పిలవక, గంటసేపు ఆపకుండా దొంగ షిప్పుల్ని కాల్చిన గంట. షిప్పుకి సామాను కొన్న టైము లేదు. జీటా నుంచి దాన్ని తోలుకొచ్చిన టైము లేదు. తెలియని పేరు కనబడగానే స్టేషన్లో దూరి గోళ్ళు గిల్లుకున్న అరగంట లేదు. పేలిపోయిన షిప్పు ఖర్చు అస్సలు లేదు. "కోడింగ్ రెండ్రోజులే సార్" అని ఎస్టిమేట్ ఇచ్చి టెస్టింగూ, డిప్లాయ్‌మెంటూ, మీటింగులూ వదిలేసినట్టుంది. పనిలో అలా ఇస్తే చివాట్లు పెట్టేవాళ్ళే ఇక్కడ అదే లెక్క ఇస్తున్నారు.

అవన్నీ కలిపితే ఆ పది కాస్తా ఐదవుతుంది అనుకోండి. నెలకి నలభై గంటలు, అంటే ఒక పూర్తి ఆఫీసు వారం. చందా ధర 2022 మేలో 14.99 నుంచి 19.99 డాలర్లకి పెంచారు. రూపాయల్లో పదిహేడు వందల పైమాట. నలభైతో భాగించండి. గంటకి నలభై మూడో, నలభై నాలుగో రూపాయలు. రెండు ఇరానీ చాయ్‌లకి గంట చాకిరీ అన్నమాట :)

"అమెరికావాడైతే ఒక్క గంట పని చేసి చందా కట్టేస్తాడు, మనకలా కాదుగా" అంటారు. ఒప్పుకుంటాను. ఇంజనీరింగ్ చదువుతూ నాన్న పంపిన డబ్బుతో హాస్టల్లో ఉన్న కుర్రాడికి పదిహేడు వందలంటే మాటలు కాదు. వాడు తవ్వుకుంటే నేను నోరెత్తను. కానీ ఈ పోటీలో గట్టిగా అరిచేవాళ్ళు వాళ్ళు కారు. జీతం వచ్చే, ఫ్లాటుకి ఈఎంఐ కట్టే, శనివారం సినిమాకి ఇంతకంటే ఎక్కువ తగలేసే మహానుభావులు.

ఇంకో రకం ఉన్నారు, తవ్వేవాళ్ళు. "ఖనిజం నేనే తవ్వుకున్నా, అందుకని నా షిప్పు ఫ్రీ." హతోస్మి! ఆ ఖనిజాన్ని అలాగే జీటాలో అమ్మితే ఐదు కోట్లొస్తాయి, దాంతో చేసిన షిప్పు నాలుగున్నరకి అమ్ముడవుతోంది అనుకోండి. ఫ్యాక్టరీ పెట్టి మరీ యాభై లక్షలు తగలబెట్టినట్టే కదా? మన ఊళ్ళో సొంత పొలంలో పండిన బియ్యం ఊరికే వచ్చాయనుకునేవాళ్ళ లెక్కే ఇది. అమ్మితే ఎంతొచ్చేదో అదే దాని ఖరీదు.

పైగా ఈ పరుగుకి గమ్యం కదిలిపోతుంటుంది. దొంగ షిప్పుని కాలిస్తే వచ్చే బహుమతి ఇస్క్ ఇంకొకరి జేబులోంచి రాదు, గాల్లోంచి పుడుతుంది. అందరూ సమర్థంగా పుట్టిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు. 2010 ప్రాంతంలో నెల చందాకి సరిపడే ప్లెక్స్ 30 కోట్ల చుట్టుపక్కల ఉండేది. 2015 చివరికి 100 దాటింది. ఇప్పుడు 200 పైన. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, గంటకి రెట్టింపు సంపాదిస్తున్నానని మురిసిపోయేవాడు ఈ వరస ఒకసారి చూసుకోవాలి. కంపెనీకీ తెలుసు కాబట్టే 2020 చివర్లో, ఒకే సిస్టంలో అందరూ ఎగబడితే అక్కడి బహుమతి తగ్గిపోయేలా మార్చారు. గంటకి పన్నెండొచ్చే చోటు ఫలానా అని ఒకడు ఊరంతా టముకు వేయగానే అక్కడ పన్నెండు రాదు.

అన్నట్టు ఆ 2010లోనే ఒకాయన 74 ప్లెక్స్‌లు ఒక బుల్లి కెస్ట్రెల్ షిప్పులో వేసుకుని బయల్దేరాడు. దారిలో పేల్చేశారు. 2,200 కోట్ల ఇస్క్, వెయ్యి డాలర్ల పైన సొమ్ము, క్షణంలో హుష్‌కాకి. గంటకింత పట్టికలో ఈ గంటని ఏ గడిలో రాస్తారో నాకు తెలీదు.

మనకి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటుంది, దాన్నెవరూ మాట్లాడరు. ఆ గైడ్లు రాసింది యూరోపు, అమెరికా వాళ్ళు. యూరోపువాళ్ళ సాయంత్రం ఎనిమిదికి ఫ్లీటు కడితే మనకి అర్ధరాత్రి పన్నెండున్నరో ఒకటిన్నరో అవుతుంది. ఫ్లీటుతో చేసే పనికి వాళ్ళు వేసిన అంకె మనకి వర్తించాలంటే మర్నాటి స్టాండప్ మీటింగులో నిద్రపోవాలి. లండన్‌లో ఉన్న సర్వర్‌తో పింగ్ గొడవ కూడా కాదిది, అది ఎటూ సెకనుకోసారే లెక్క చూస్తుంది. గొడవంతా మనుషుల గడియారాలతో.

మరి ఇస్క్ ఎలా సంపాదించాలి అంటారా? ఈ ఆటలో వింతేమిటంటే మీరు నిద్రపోయినా విశ్వం నడుస్తూనే ఉంటుంది. ఒక గ్రహం మీద తవ్వే యంత్రం పెడితే అది 14 రోజుల దాకా తనే తవ్వుతుంది. మార్కెట్లో పెట్టిన ఆర్డరు 90 రోజులు కూర్చుంటుంది. ఫ్యాక్టరీ ఆర్డరు మీరు ఆఫీసులో ఉన్నా పూర్తవుతుంది. కిరాణా కొట్టు శెట్టిగారు గంటకెంత అని లెక్కేసుకుంటాడా? సరుకు మీద ఎంత మిగిలింది, పెట్టుబడి ఎన్నాళ్ళకి తిరిగొచ్చింది అని చూస్తాడు. రోజుకి పదిహేను నిమిషాలు వెచ్చించి నెలకి ఎంతొచ్చిందో చూసుకోండి, ప్లెక్స్‌కి చాలకపోయినా నాలుగు షిప్పులు పేల్చుకోవడానికి చాలు. జీటాలో ఒక్క పైసా తగ్గించి ఆర్డరు మార్చుకుంటూ రాత్రంతా కూర్చునే పిచ్చికి కూడా 2020లో కళ్ళెం పడింది. ధరలో మొదటి నాలుగు అంకెల్లోనే మార్పు చెయ్యాలి, ఆర్డరు మార్చినప్పుడల్లా రుసుము కట్టాలి. కానీ ఇదంతా కిరాణా లెక్క, బిల్లబుల్ అవర్స్‌కి అలవాటుపడిన బుర్రకి ఎక్కదు.

గంటకింత అన్నదే గొప్పతనమైతే అందరికంటే గొప్ప ఆటగాడు బాట్. నిద్రపోదు, విసుక్కోదు, షిప్పు పేలితే ఏడవదు. 2009లో కంపెనీ అన్‌హోలీ రేజ్ అని పేరుపెట్టి వేల ఖాతాల్ని ఒక్కసారిగా మూసేసింది, ఇస్క్‌ని అసలు డబ్బుకి దొంగచాటుగా అమ్మేవాళ్ళవి. వాళ్ళు మాత్రం చేసిందేమిటి, మనవాళ్ళు మెచ్చుకునే పనినే ఇంకా శ్రద్ధగా చేశారు! బాట్లని తిట్టేవాళ్ళే బాట్‌లా ఆడటానికి పోటీ పడటం నాకు భలే నవ్వొస్తుంది.

తవ్వడం అంటేనే ఇష్టమున్నవాళ్ళు ఉన్నారు. పక్కన ఇళయరాజా పాటలు పెట్టుకుని వెల్డ్‌స్పార్ రాయికేసి లేజరు పెట్టి కూర్చుంటారు. వాళ్ళతో నాకే పేచీ లేదు. వాళ్ళని గంటకెంతొస్తోందని అడిగి చూడండి, తెలీదంటారు.