శ్లేషను కత్తిరిస్తే మిగిలేదేమిటి?



షేక్స్పియరు నాటకాలలోని బూతును గూర్చి పెద్దలు తరచు చెప్పే సమాధానం ఒకటున్నది. అది ఆయన అభిరుచి కాదట. ఒక పెన్నీ చెల్లించి నేలమీద నిలబడి చూచే పామరజనానికి వేసిన ఎర అట. ఈ సమాధానం మర్యాదగానే ఉన్నది గాని, నాటకాలు దీనికి సాక్ష్యం చెప్పవు.

‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాలుగవ అంకంలో ఎవాన్స్ అనే మతాచార్యుడు ఒక బాలుని చేత లాటిన్ విభక్తులు అప్పజెప్పించుకొంటూ ఉంటాడు. లాటిన్ రాని క్విక్లీ అనే స్త్రీ ప్రక్కనే నిలబడి వింటుంది. మన షష్ఠీవిభక్తికి అక్కడి పేరు ‘జెనిటివ్ కేస్’. అది ఆమె చెవికి జెన్నీ అనే ఆడుదాని ‘కేస్’గా వినబడుతుంది. ‘కేస్’ అంటే విభక్తి. పెట్టె, ఒర అనే అర్థాల మీదుగా ఆనాటి వాడుకలో స్త్రీ మర్మాంగం కూడ. తరువాత బాలుడు వల్లించే ‘హోరమ్’ అనే సర్వనామరూపం ఆమెకు వేశ్యావాచకమై తోస్తుంది. పసివానికి ఇవా నేర్పేవని గురువునే మందలిస్తుంది! లాటిన్ వ్యాకరణం వల్లె వేసినవారికి గాని ఈ హాస్యం పూర్తిగా అందదు. ‘ఐదవ హెన్రీ’లో ఫ్రెంచి రాకుమారి క్యాథరిన్ ఇంగ్లీషు నేర్చుకొనే రంగమూ అట్టిదే. పాదానికీ గౌనుకూ చెప్పిన మాటలు ఆమెకు స్వభాషలోని బూతులుగా ధ్వనిస్తాయి. ఆ రంగం దాదాపు అంతా ఫ్రెంచిలోనే నడుస్తుంది. ఇవి పామరులకు వేసిన ఎరలని ఎట్లా అనగలం?

మన ఆలంకారికులు అశ్లీలాన్ని దోషాలలో చేర్చి వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా విభజించారు. అంతటితో ఆగలేదు. వక్తనూ సందర్భాన్నీ బట్టి దోషమే గుణం కావచ్చునని కూడ అన్నారు. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారన్నదే పరీక్ష.

ఆ పరీక్షకు ‘హామ్లెట్’ మూడవ అంకాన్ని నిలుపుదాం. రాజు, రాణి, సభాసదులు నాటకం చూడడానికి కూర్చున్నారు. హామ్లెట్ ఒఫీలియా ఒడిలో తల పెట్టుకోవచ్చునా అని అడిగి, ‘కంట్రీ’ అనే మాటలోని మొదటి అక్షరం మీద ఒక శ్లేష, ‘నథింగ్’ అనే మాట మీద మరొక శ్లేష విసురుతాడు. ‘ఏమీ లేదు’ అనే అర్థం గల ఆ రెండవ మాటకు కూడ ఆనాడు స్త్రీ మర్మాంగమనే గూఢార్థం ఉండేది. నిండుసభలో ఆ పిల్ల ఏమని బదులు చెప్పగలదు? అర్థమైనదంటే సిగ్గు, కాలేదంటే అబద్ధం. ఇక్కడ శ్లేష వినోదం కాదు, ఆయుధం. ఆ మాటలు తీసివేయండి: ఒఫీలియా గౌరవం దక్కదు, హామ్లెట్ క్రౌర్యం మాత్రం దాగిపోతుంది. స్త్రీల చెవులను కాపాడతానన్న కత్తెర చివరకు పురుషుని అపరాధానికి ముసుగు వేస్తుంది.

ఆ కత్తెర చరిత్ర మరీ విచిత్రం. కుటుంబంలో చదువుకొనదగిన షేక్స్పియరు అంటూ 1807లో ఇరవై నాటకాలు వెలువడ్డాయి. సంస్కరించినది హెన్రియెటా బౌడ్లర్. గ్రంథం మీద ఆమె పేరు లేదు. 1818లో పది సంపుటాల ప్రతి ఆమె సోదరుడు థామస్ పేరుతో వచ్చింది. బూతును కొట్టివేయాలంటే ముందు అది బూతని తెలియాలి గదా! తెలిసినదని ఒక అవివాహిత కులస్త్రీ ఎట్లా ఒప్పుకొంటుంది?

సభ్యత కొలతలు కాలానికొకటి. ఎలిజబెత్ మరణించిన మూడేండ్లకు, 1606లో, ఇంగ్లండులో ఒక శాసనం వచ్చింది. రంగస్థలం మీద దైవనామాన్ని పరిహాసంగా పలికితే పది పౌండ్ల జరిమానా! అది పట్టించుకొన్నది దేవుని పేరునే; శృంగారశ్లేషను కాదు.

అన్ని శ్లేషలూ రత్నాలని నేననను, కొన్ని చవకబారువే. అయినా కావ్యాన్ని పాఠం చెప్పేవాడు అర్థం చెప్పవలసిన చోట గొంతు సవరించుకొని పుట త్రిప్పకూడదు. విద్యార్థి ఆ అర్థాన్ని ఎట్లాగూ మరొకచోట తెలుసుకొంటాడు. అక్కడ నవ్వు మాత్రం దొరుకుతుంది. ఆ నవ్వుకు ఒఫీలియా ఎందుకు తలవంచుకొన్నదో చెప్పేవారు దొరకరు.