తుమ్మలపల్లె: జబ్బు మొర ఆలకించేదెవరు?

పులివెందుల: భూమి లోపల ఎనిమిది గంటల కొలువు. పైకి వచ్చాక దగ్గు, ఆయాసం, ఒంటిపై దద్దుర్లు. ఇది గని వల్ల వచ్చినదా, వయసు వల్లనా, బీడీ వల్లనా? వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గనిలో పనిచేసే ఏ కార్మికుడికైనా ఏదో ఒకనాడు ఈ సందేహం కలగక తప్పదు. సందేహం కలిగినప్పుడు ఆయన ఎవరి వద్దకు వెళ్లాలి, వెళితే ఆ మాటను కాగితంపై పెట్టేదెవరు అన్నదే అసలు చిక్కు. గని ఆరోగ్య విభాగం పరీక్షలు జరుపుతుంది. కానీ పరీక్ష వేరు, ఫిర్యాదు వేరు. మొదటిది యాజమాన్యం పిలిస్తే జరిగేది, రెండవది కార్మికుడు తానుగా వచ్చి చెప్పుకొనేది. మన చట్టాలు మొదటిదాని గురించి విస్తారంగా మాట్లాడాయి. రెండవదాని గురించి పొదుపుగా మాట్లాడాయి.

అప్పటి హామీలు

ఈ ప్రాజెక్టుపై 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. రోజుకు 3,000 టన్నుల ముడిఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యంతో దీనిని నిర్మించారు. ఇక్కడి ఖనిజం సున్నపురాయి జాతికి చెందిన రాతిలో ఉన్నందున, జార్ఖండ్‌లోని జాదూగూడలో వలె ఆమ్లంతో కాక క్షార పద్ధతిలో యురేనియాన్ని వేరుచేస్తారు. మిగిలిన వ్యర్థం టైలింగ్ పాండ్‌కు చేరుతుంది. ఆనాడు పల్లెల్లో ప్రధానంగా వినిపించిన మాట ఉద్యోగాలు. ఆరోగ్యం సంగతి ఆ తర్వాత వచ్చింది.

నియమం ఏమంటుంది?

1952 గనుల చట్టం కింద వచ్చిన 1955 గనుల నియమావళి ప్రకారం పనిలో చేరే ముందు వైద్య పరీక్ష, ఆపై అయిదేళ్లకొకసారి పరీక్ష తప్పనిసరి. ఛాతీ ఎక్స్‌రే, శ్వాస సామర్థ్యం, వినికిడి వంటివి అందులో చూస్తారు. రేడియం తదితర రేడియోధార్మిక పదార్థాల వల్ల కలిగే రుగ్మతలను 2011లో గని జబ్బుల జాబితాలో చేర్చారు. జాబితాలోని జబ్బు ఉన్నట్లు తేలితే గనుల భద్రత డైరెక్టరేట్‌కు తెలియజేయవలసిన బాధ్యత యాజమాన్యానిదీ, వైద్యునిదీ. 1952 చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్న మాట ఈ కోడ్‌లో ఉంది.

పాత నియమావళిలో ఒక విశేషం ఉంది. వైద్య పరీక్షలో పనికి అనర్హుడని తేలినవాడు 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. మంచిదే, కొలువు పోయేవాడికి అది రక్షణ. అయితే 'నువ్వు ఆరోగ్యంగా ఉన్నావు, పనిలోకి పో' అని చీటీ రాసి ఇచ్చిన వ్యక్తి 'కాదయ్యా, నాకు ఊపిరి ఆడటం లేదు' అంటే పరిస్థితి ఏమిటి? ఆ అప్పీలు నిబంధన ఆయన కోసం రాసినది కాదు. గని ఆరోగ్య సేవల్లోని వెలితి అంతా ఈ ఒక్క చోట కనిపిస్తుంది. అర్హత తేల్చడమే లక్ష్యంగా పుట్టిన పరీక్ష అది. బాధ వినడం దాని పని కాదని అనుకున్నారేమో.

కంటికి కనిపించని దుమ్ము

యురేనియం గనిలో పెద్ద ప్రమాదం యురేనియం రాయి కాదు, దాని నుంచి వెలువడే రేడాన్ వాయువు. రంగు, వాసన లేవు. దాని అర్ధాయువు దాదాపు 3.8 రోజులు. అది విచ్ఛిన్నమై పుట్టే కణాలు దుమ్ముకు అంటుకొని ఊపిరితిత్తుల్లో చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే రేడాన్‌ను క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. పొగతాగే అలవాటు కూడా ఉంటే ముప్పు పలురెట్లు పెరుగుతుంది. గాలి ప్రసరణ బాగుంటే రేడాన్ తగ్గుతుంది. అందుచేతనే 'లోపల గాలి సరిగా ఆడటం లేదు' అని కార్మికుడు చెప్పే చిన్న మాట కూడా ఆరోగ్య ఫిర్యాదే. దానిని ఇంజినీరు వద్దకు పంపి వైద్యుడు చేతులు దులుపుకోవడం తగదు.

రేడియేషన్ కార్మికుడికి అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి వరుసగా అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు. ఈ లెక్కలు కార్మికుడి పేరున రికార్డవుతాయి. తన మోతాదు ఎంతో అడిగి తెలుసుకొనే హక్కు ఆయనకుంది. అయితే హక్కు ఉన్నదని తెలియాలి కదా.

మూడు తలుపులు, ఒకే ఇల్లు

తవ్వేది అణుశక్తి శాఖ కింద పనిచేసే యురేనియం కార్పొరేషన్. గనిలో రేడియేషన్ కొలిచేది భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన హెల్త్ ఫిజిక్స్ విభాగం. అదీ ఆ శాఖదే. నియంత్రించేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి. అది నివేదించుకొనే అణుశక్తి సంఘానికి ఛైర్మన్ ఆ శాఖ కార్యదర్శే. ఈ స్వతంత్రత లోపాన్ని కాగ్ 2012లోనే ఎత్తిచూపింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం మండలికి చట్టబద్ధ హోదా కల్పించింది. దీని ఫలం తుమ్మలపల్లె దాకా ఎప్పుడు చేరుతుందో చూడవలసి ఉంది.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చినా రేడియేషన్ విషయం రాష్ట్ర యంత్రాంగం చేతిలో లేదు. నీరు, గాలి అయితే కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోకి వస్తాయి. ఊరివాళ్ల ఫిర్యాదుల అనుభవం ఇక్కడే పాఠం చెబుతుంది. టైలింగ్ పాండ్ సమీపంలోని కనంపల్లె, కొట్టాల ప్రాంత రైతులు బోర్ల నీరు చెడిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ, చర్మవ్యాధులు వస్తున్నాయనీ మొరపెట్టుకున్నారు. పాండ్ అడుగున వేయవలసిన పొర విషయమై విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె.బాబూరావు పలుమార్లు లేఖలు రాశారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. 2019లో నిపుణుల కమిటీ పరిశీలనకు వచ్చింది. యురేనియం కార్పొరేషన్ మాత్రం ఆరోపణలను తోసిపుచ్చింది. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, అణుశక్తి నియంత్రణ మండలి 60 అంది. ఏ గీటురాయిపై గీస్తున్నారో ముందుగా చెప్పకపోతే ఒకే బోరు నీరు ఒకరికి మంచిది, మరొకరికి చెడ్డది అవుతుంది.

రైతుకు బోరు ఉంది, తోట ఉంది, చూపించడానికి ఎండిన గెల ఉంది. కార్మికుడి వద్ద చూపించడానికి ఏముంది? పైగా ఫిర్యాదు చేసినవాడి కొలువుపై నీలినీడలు. కాంట్రాక్టు కింద పనిచేసేవారి స్థితి మరీ సున్నితం. కాంట్రాక్టర్ మారితే పేరు మారుతుంది, పేరుతోపాటు పాత కాగితం జాడ తప్పే ప్రమాదముంది.

వైద్యుడు ఎవరి మనిషి?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో చేసిన 161వ ఒడంబడిక వృత్తి ఆరోగ్య సేవల గురించే. యాజమాన్యం నుంచీ, కార్మికుల నుంచీ కూడా వైద్యులకు వృత్తిపరమైన స్వతంత్రత ఉండాలనీ, పరీక్షలకు కార్మికుడి జేబు నుంచి పైసా పోరాదనీ, కూలి కోత ఉండరాదనీ అది నిర్దేశిస్తుంది. భారత్ దానిని ఆమోదించలేదు. రేడియేషన్ రక్షణపై 115వ ఒడంబడికను మాత్రం 1975లో ఆమోదించింది.

ఫిర్యాదుకు తేదీ వేసి రసీదు ఇవ్వడం, రిపోర్టు నకలు చేతికివ్వడం, అసంతృప్తి ఉంటే గనితో సంబంధం లేని వైద్యునికి చూపించడం. వీటికి కోట్ల రూపాయలు అక్కరలేదు. పరిహారం విషయంలో చట్టం కార్మికుడివైపు కొంత మొగ్గింది కూడా. అయాన్ల రేడియేషన్ వల్ల కలిగే జబ్బు జాబితాలో ఉంది. ఆ పనిలో ఎడతెగక ఆరు నెలలు చేసి ఉంటే, జబ్బు పని వల్లనే వచ్చిందని ముందుగా భావిస్తారు. కాదని నిరూపించడం యజమాని బాధ్యత. అయితే ఆరు నెలలు చేశానని చూపడానికి మళ్లీ కాగితమే కావాలి.

పులివెందులకు పాత పాఠం

ఈ ప్రాంతానికి గని జబ్బుల ముచ్చట కొత్త కాదు. బ్రాహ్మణపల్లె పరిసరాల్లో ఒకప్పుడు రాతినార తవ్వారు. ఆ నార ఊపిరితిత్తుల్లో చేరాక దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. రాతినార కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995 జనవరిలో కార్మికుడి ఆరోగ్యం ప్రాథమిక హక్కేనని తీర్పునిచ్చింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును కొలువులో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన నాటి నుంచి 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఆ ఆదేశం రాతినార పరిశ్రమకు ఇచ్చినది. యురేనియం గనికి నేరుగా వర్తిస్తుందని అనలేము. కానీ రేడాన్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ సైతం ఏళ్లు గడిచాకే పైకి వస్తుంది. అమెరికాలో ప్రచ్ఛన్న యుద్ధ కాలపు గనుల్లో పనిచేసిన నవాహో తెగవారు తదితరులకు పరిహార చట్టం 1990లో గానీ రాలేదు. అప్పటికి ఎందరో కన్నుమూశారు. బతికున్నవారు ఏ గనిలో ఎన్నాళ్లు చేశారో రుజువు చేసుకోవడానికి అగచాట్లు పడ్డారు.

40 ఏళ్ల లెక్కనే కొలమానంగా తీసుకుంటే 2012లో తుమ్మలపల్లెలో చేరిన కుర్రవాడి రికార్డు 2052 వరకు ఉండాలి. ఇప్పటికి అతనికి ముప్పయి అయిదు దాటి ఉంటాయి. చేరేటప్పుడు తీసిన ఎక్స్‌రే, ఆ తర్వాతి అయిదేళ్ల పరీక్షలు, ఏటేటా రాసిన మోతాదు లెక్క ఏ బీరువాలో ఉన్నాయో, వాటి నకళ్లు తన ఇంట్లో ఉన్నాయో లేవో ఆయన ఈ నెలలోనే అడిగి చూసుకోవచ్చు. అడగడానికి ఒక తెల్లకాగితం, ఇచ్చినట్లు ఒక రసీదు చాలు.