రైలుదో దారి, బస్సుదో దారి... జనానికేది దారి?

పొద్దున ఎనిమిది గంటలకు సికింద్రాబాద్ స్టేషన్ ముందు నిలబడి చూడండి. ఎంఎంటీఎస్ దిగిన జనం ఒక దిక్కు ఉరుకుతుంటరు. మెట్రో మెట్లెక్కే జనం ఇంకో దిక్కు. సిటీ బస్సు కోసం రోడ్డు మధ్యదాకా వచ్చి చేతులూపేవాళ్లు మరో దిక్కు. రైలు దక్షిణ మధ్య రైల్వేది, బస్సు ఆర్టీసీది, మెట్రో ఇంకొకరిది. ఫుట్‌పాత్ బల్దియాది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. అన్నింటికీ యజమానులున్నరు. ఇల్లు విడిచినప్పటి నుంచి ఆఫీసు చేరేదాకా సాగే ఆ మనిషి ప్రయాణానికి మాత్రం యజమాని లేడు.

ఈ లోటు సర్కారుకు తెల్వనిది కాదు. పది లక్షలు దాటిన ప్రతి నగరంలో రవాణా సంస్థలన్నింటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చే ఉమ్మడి ప్రాధికార సంస్థ ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2008లో హుడా పోయి హెచ్ఎండీఏ వచ్చినప్పుడు ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన హైదరాబాద్‌కు ‘ఉమ్టా’ కూడా వచ్చింది. దేశంలోని చాలా నగరాల కంటే మనమే ముందు. కానీ ఏం లాభం? పేరు పెట్టిండ్రు, పెత్తనం ఇయ్యలేదు. అది ఫైళ్లల్ల బతికిన కాలమే ఎక్కువ.

ఆ లోపు నగరం ఆగలేదు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్‌కు రెండో దశ అన్నరు. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. వాటాల పంచాయితీలో ఏండ్లు గడిచిపోయి, 2023 ఏప్రిల్‌కు గాని కొన్ని మార్గాలు ప్రారంభం కాలేదు. మెట్రో 2017 నవంబర్‌లో పరుగు మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి, పాతబస్తీ గడప ముందట ఆగింది. ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి దశలో మిగిలిపోయినయి. ఏ బస్తీకి ముందు, ఏ బస్తీకి వెనుక అన్నది ఎవరు తేల్చిండ్రు? ఏ బల్ల చుట్టూ కూర్చొని తేల్చిండ్రు?

2023 డిసెంబర్ 9 నుంచి ఆడబిడ్డలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. మంచి పని. కూలికి పోయే తల్లికి, కాలేజీకి పోయే బిడ్డకు ఆ పైసలు మిగలడం చిన్న సంగతి కాదు. అయితే బస్సెక్కే జనం పెరిగినప్పుడు ఏ రూటుకు ఎన్ని బస్సులు కావాలి, ఏ మెట్రో స్టేషన్‌కు ఏ కాలనీని కలపాలి అని లెక్క గట్టేదెవరు? ఆ లెక్క లేకనే ఇబ్రహీంపట్నం దారిలో ఇంజనీరింగ్ విద్యార్థి ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నడు. నెల జీతంలో ఆటోలకు పోయేదెంతో చిరుద్యోగిని అడిగితే చెప్తడు.

ఇది మన గడ్డకు కొత్త విద్యా? 1932లో 27 బస్సులతో ఇక్కడ ప్రజా రవాణా మొదలైంది నిజాం స్టేట్ రైల్వేలోనే, దాని రోడ్డు రవాణా విభాగంగా. రైలూ బస్సూ ఒక్క ఇంటి బిడ్డలు. రాజరికం మంచిదని కాదు, ఆ ఏర్పాటులో తెలివి ఉన్నదని చెప్తున్నం. తొంభై ఏండ్ల కింద ఒక్క కప్పు కింద ఉన్నవి, ప్రజాస్వామ్యంలో ఒకదాని మొఖం ఒకటి చూడకుండా ఎందుకున్నయి?

చెన్నై వైపు చూడండి. అక్కడా 2010లో చేసిన చట్టం 2019 దాకా అమలుకు రాలేదు. వాళ్లూ మనలెక్కనే నిద్రపోయిండ్రు. కానీ లేచిండ్రు. 2025 సెప్టెంబర్‌లో బస్సు, మెట్రో, సబర్బన్ రైలు మూడింటికీ ఒకే క్యూఆర్ టికెట్ తెచ్చిండ్రు. మన దగ్గర ఉమ్మడి కార్డు ప్రకటనలు విన్నం. మూడింటిలో చెల్లే టికెట్ మాత్రం నిత్య ప్రయాణికుని జేబులోకి చేరలేదు.

ఇటీవల ఉమ్టాను మళ్లీ కదిలించి, సమగ్ర రవాణా ప్రణాళిక పని అప్పజెప్పిండ్రు. సంతోషమే. కానీ ప్రణాళిక రాసే చేతికి అమలు చేయించే బలం లేకపోతే అది ఇంకో అట్టపెట్టెలోకి పోయే రిపోర్టే అయితది. అందుకే అడుగుతున్నం. ఉమ్టాకు సొంత సిబ్బందినీ సొంత నిధులనూ ఇయ్యండి. దాని నిర్ణయానికి ఆర్టీసీ, మెట్రో, బల్దియా కట్టుబడేటట్టు చెయ్యండి. రైల్వేతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అధికారుల కుర్చీల నడుమ విద్యార్థికీ, ఉద్యోగికీ, ఆర్టీసీ కార్మికునికీ ఒక కుర్చీ వెయ్యండి. సమావేశంలో ఏం తేల్చిండ్రో జనం ముందు పెట్టండి.

2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు చక్రాలు ఆపి నిలబడ్డరు. 2019లో బతుకు కోసం 52 రోజులు సమ్మె చేసిండ్రు. ఏ మలుపు కాడ ఎంత మంది దిగుతరో, ఏ స్టాపు ఎక్కడుండాలో ఆ డ్రైవర్‌కు, కండక్టర్‌కు తెలిసినంత ఏ కన్సల్టెంటుకు తెలుస్తది? వాళ్లను అడగకుండా గీసే పటం కాగితం మీదనే అందంగ ఉంటది.

రాష్ట్రం తెచ్చుకున్నది బోర్డుల మీద పేర్లు మార్చుకోవడానికి కాదు, మన నిర్ణయాలు మనం చేసుకోవడానికి. మన ఊరి బస్సు ఎటు పోవాలో తేల్చే బల్ల దగ్గర మనకు జాగ దొరకకపోతే, అడిగి తీసుకోవాలె. అడగడం ఈ నేలకు కొత్త కాదు.