జారుడుతనం వేరు, మన్నిక వేరు

మోకాలి కీలు మార్పిడి నేడు పల్లెల్లో సైతం వినిపించే మాట. పాఠకులారా, ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారు మీ బంధువర్గంలో ఒకరైనా ఉండవచ్చు. ఆసుపత్రిని గురించి, వైద్యుని అనుభవాన్ని గురించి అందరం విచారిస్తాం. లోహపు భాగాల నడుమ అమర్చే ప్లాస్టిక్ పలక ఎన్నేళ్లు అరగకుండా నిలుస్తుందని అడిగేవారు మాత్రం అరుదు.

ఇదే ప్రశ్నకు చిన్న రూపం మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కనబడుతుంది. చివరి సంవత్సరం మెకానికల్ విద్యార్థులు పాలిమర్‌లో గాజు పీచునో, కార్బన్ పీచునో, గ్రాఫైట్ పొడినో కలిపి కాంపోజిట్‌ను తయారుచేస్తారు. దాని ముక్కను తిరిగే ఉక్కు పళ్లేనికి ఒత్తి ఉంచి ఘర్షణను, అరుగుదలను కొలుస్తారు. ఈ పనిని మార్కుల కోసం జరిపే తంతుగా భావించరాదని నా నిశ్చితాభిప్రాయం. అందుకు కారణం వైద్య చరిత్రలోనే ఉంది.

ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో సర్ జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడికి తొలుత టెఫ్లాన్ గిన్నెలను వాడారు. టెఫ్లాన్ అత్యంత జారుడు గల పదార్థం. ఘర్షణ తక్కువ గనుక కీలు చిరకాలం నిలుస్తుందని ఆశించారు. రెండు మూడేళ్లకే ఆ గిన్నెలు దారుణంగా అరిగిపోయాయి. రాలిన పొడికి చుట్టూ ఉన్న కణజాలం వాచి, రోగులకు మళ్లీ శస్త్రచికిత్సలు అవసరమయ్యాయి. ఘర్షణ తక్కువైనంత మాత్రాన అరుగుదల తక్కువ కాదన్న పాఠాన్ని ఆ రోగులు తమ శరీరాలతో నేర్పారు.

1962లో నేతయంత్రాల పళ్లచక్రాలకు వాడే ఒక రకం పాలిథిలీన్ వారి ప్రయోగశాలకు చేరింది. చార్న్‌లీ దాన్ని గోటితో గీరి చూసి పెదవి విరిచారు. ఆయన సహాయకుడు హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని యంత్రానికి బిగించి అరుగుదలను కొలవసాగాడు. మూడు వారాల పాటు రుద్దినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. నేటికీ కృత్రిమ కీళ్లలో ప్రధానంగా వాడుతున్నది ఆ జాతి పాలిథిలీనే. క్రేవెన్ వైద్యుడు కాడు. ఓపికగా కొలిచిన పనివాడు.

అయితే యంత్రం చెప్పిందంతా సత్యం కాదు. 1970లలో పాలిథిలీన్‌కు కార్బన్ పీచును జోడించి కీళ్లకు వాడారు. ప్రయోగశాలలో అది మెరుగ్గా కనిపించింది. శరీరంలో పీచుకు, పాలిథిలీన్‌కు మధ్య పట్టు చాలక పలకలు దెబ్బతిన్నాయి. చివరకు దాన్ని మానుకోవలసి వచ్చింది.

అరుగుదల వల్ల కలిగే అసలు హాని పలక పలచబడడం ఒక్కటే కాదు. కంటికి కనిపించని ఆ రజనును మన రక్షక కణాలు మింగుతాయి గాని, అరిగించుకోలేవు. అవి విడుదల చేసే రసాయనాల వల్ల చుట్టుపక్కల ఎముక క్షీణించి, కృత్రిమ కీలు వదులవుతుంది.

కనుక ఇటువంటి ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, ముఖ్యంగా కీళ్లకు పనికివచ్చే పదార్థాన్ని పరీక్షించేవారికి, మూడు మాటలు చెప్పదలచాను. మొదటిది, ఒకే దిశలో రుద్దితే పాలిథిలీన్‌లోని గొలుసు అణువులు ఆ దిశకు సర్దుకొని, అరుగుదల తక్కువగా కనిపిస్తుంది. నడకలో తుంటి కీలు దిశలు మార్చుకుంటూ కదులుతుంది. రెండవది, మంచినీటిలో వచ్చిన ఫలితం శరీర ద్రవంలో నిలవకపోవచ్చు. అందుకే కృత్రిమ కీళ్ల పరీక్షల్లో దూడ రక్తరసిని వాడతారు. మూడవది, కొన్ని పాలిమర్లు ద్రవాన్ని పీల్చుకొని బరువెక్కుతాయి. అరిగి తగ్గిన బరువును ఆ పెరుగుదల కప్పిపుచ్చుతుంది. రుద్దకుండా అదే ద్రవంలో నానబెట్టిన మరొక ముక్కను కూడా తూచి, తేడాను సరిచేయాలి.

వీటికి పెద్ద ఖర్చు అక్కరలేదు, నిజాయితీ కావాలి. దురదృష్టవశాత్తు, సిద్ధంగా ఉన్న ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కొనే అలవాటు మన చోట బాగా పాతుకుపోయింది. ఒక విద్యార్థి చేసిన పరీక్ష నేరుగా రోగి శరీరంలోకి వెళ్లదు, నిజమే. కాని రేపు కృత్రిమ కీళ్లను, దంతాలను, గుండె కవాటాలను పరీక్షించే ఉద్యోగాల్లో కూర్చునేది ఆ విద్యార్థులే. ఇరవయ్యేళ్ల వయసులో లేని అంకెను రాయడం అలవడిన చెయ్యి, నలభయ్యేళ్లకు మారుతుందని నేను నమ్మలేను.

తల్లిదండ్రులారా, మీ పిల్లల ప్రాజెక్టుకు ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు, ఏమి కొలిచారో అడగండి. అధ్యాపకులారా, ఆశించిన ఫలితం రాలేదని ఉన్నదున్నట్లు రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించకండి. టెఫ్లాన్ వైఫల్యాన్ని చార్న్‌లీ దాచి ఉంటే, ఈనాడు హాయిగా నడుస్తున్న ఎందరో మంచానికే పరిమితమై ఉండేవారు.