బడిని చదివినవాళ్లను అడగరేం?

శెనక్కాయ పంట దెబ్బతిన్న ఏడాది ఏడో తరగతిలో ఎవరు మిగులుతారో మా గార్లదిన్నె మండలంలో ఏ హెడ్మాస్టరైనా ముందే చెప్పగలడు. ఎవరు బెంగుళూరుకు బేల్దారి పనికి పోతారు, ఏ పిల్లను అవ్వ దగ్గర వదులుతారు, ఏ పిల్లను తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి వెంట తీసుకుపోతారు, అన్నీ ఆయనకు ఎరుకే. మిడ్ పెన్నార్ డ్యాము ఈ మండలంలోనే ఉంది. అయినా కాలువ అందని ఊళ్లకు వానే దిక్కు. ఆ వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి చోట బడి నడపడమంటే గంట కొట్టించి హాజరు వేయడం కాదు.

ఈ ఎరుకను పరిశోధనగా మలిచిన పంతుళ్లు మన మధ్య ఉన్నారు. విద్యా నాయకత్వం మీద, బడి నిర్వహణ మీద పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. శాఖ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, కోర్సువర్క్ చేసి పరీక్ష రాయాలి, ప్రశ్నావళి పట్టుకుని బడి బడికీ తిరగాలి. పగలంతా కోడిగుడ్ల లెక్క యాప్‌లో ఎక్కించి, వంట ఏజెన్సీ బిల్లు చూసి, ఇల్లు చేరి నాలుగు ముద్దలు తిన్నాక అధ్యాయం ముందు కూర్చోవాలి. దసరా సెలవులూ ఎండాకాలం సెలవులూ దానికే పోతాయి. ఆడ టీచర్లకు యూజీసీ మరో 2 ఏళ్ల గడువు ఇచ్చింది కానీ, ఇంటి పని ఎవరు తగ్గించారు?

ఇంత చేసి పట్టా తెచ్చుకుంటే స్టాఫ్‌రూంలో మొదటి ప్రశ్న ఒకటే: "ఇంక్రిమెంటు ఏమన్నా వస్తాదా సార్?" అడిగినవాళ్లను తప్పుపట్టను. డాక్టరేటు వచ్చాక నా జీతంలో రూపాయి తేడా రాలేదు. సర్వీసు రిజిస్టరులో ఒక వరుస ఎక్కింది, అంతే. కాలేజీ అధ్యాపకులు ఉద్యోగంలో ఉంటూ పీహెచ్‌డీ చేస్తే 3 అడ్వాన్సు ఇంక్రిమెంట్లు ఇవ్వాలని యూజీసీ 2010 నిబంధనల్లోనే రాశారు. బడి పంతులు చేసిన పరిశోధన అంత తేలికైపోయిందా?

డబ్బు మాట అటుంచండి. నా సిద్ధాంత గ్రంథం తెరిచి చూసినవాళ్లే లేరన్నది నా అసలు బాధ. నా ప్రశ్నావళిలో ఒక ప్రశ్న ఉంది: ఈ నెలలో మీరు ఎన్ని పాఠాలు తరగతిలో వెనక కూర్చుని విన్నారు? ఒక హెడ్మాస్టరు అంకె వేయాల్సిన గడిలో "టైమెక్కడిది?" అని రాసిచ్చాడు. తెలివైనవాడు, బడి కోసం ప్రాణం పెట్టేవాడు. ఆయన రోజంతా ఎటు పోతోందో గంటల వారీగా రాస్తే నాకు ఒక అధ్యాయమైంది. హెడ్మాస్టర్లు పాఠాల మీద దృష్టి పెట్టడం లేదని మీటింగుల్లో మందలించే ముందు ఆ అధ్యాయం చదవద్దా?

శిక్షణలకు కొదవ లేదు. 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు. రాష్ట్రంలో అదే పనికి సీమ్యాట్ అనే సంస్థ ఉంది. ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని జాతీయ విద్యావిధానం 2020 చెప్పింది. మంచిదే. కానీ నేను కూర్చున్న శిక్షణల్లో పైనుంచి వచ్చిన స్లైడ్లే చూపించారు. వలసపోయే పిల్లల ముచ్చట ఒక్క దాంట్లోనూ లేదు. ఆ ముచ్చట మీద పరిశోధన రాసిన పంతులు వెనక వరసలో సంతకం పెట్టి కూర్చున్నాడు.

హార్వర్డ్ 2010లో విద్యా నాయకత్వానికని ఒక డాక్టరేటు పెట్టింది. ట్యూషన్ ఫీజు తీసుకోకుండా చదివించి, మూడో ఏడు నేరుగా విద్యాసంస్థల్లో పనికి పంపింది. మనకు ఆ ఖర్చు కూడా లేదు. మనవాళ్లు సొంత డబ్బుతో చదివి, ఇప్పటికే బడిలోనే ఉన్నారు.

పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన మంచి హెడ్మాస్టరు అవుతాడా అంటారు. కాడు. సీనియారిటీ ఉన్నా, జీఓటీ, ఈఓటీ అనే శాఖాపరీక్షలు పాసైనా కాడు కదా! వాటికి ఇచ్చే విలువలో కొంతైనా దీనికి ఇమ్మంటున్నాం.

అధికారులకు నా మనవి. జిల్లాలో డాక్టరేటు ఉన్న టీచర్ల జాబితా తీయండి. వాళ్ల సిద్ధాంత గ్రంథాల కోసం టెండర్లు పిలవక్కర్లేదు, శోధ్‌గంగ వెబ్‌సైటులో పెట్టినవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఒక్కో దాంట్లో తేలిందేమిటో నాలుగు పేజీల్లో రాయించి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో చర్చ పెట్టించండి. డైట్‌లో, సీమ్యాట్‌లో శిక్షణ పాఠాలు తయారుచేసే పని వాళ్లకు అప్పగించండి. ఇప్పుడు పరిశోధన చేస్తున్నవాళ్లకు సిద్ధాంత గ్రంథం రాసుకునే ఏడాదైనా సెలవు ఇవ్వండి. ఇవన్నీ ఒక్కసారే కాకపోతే, ముందు వాళ్లను పిలిచి, మా బడుల గురించి మీకు ఏం తెలిసిందని అడగండి.